చెన్నై నీళ్లలో మేకప్ బ్రష్‌లు కడుక్కోవడం ఎలా

కొన్న ఆర్నెల్లకే బ్రష్ కుచ్చు చీపురులా విచ్చుకుపోయి, బుగ్గల మీద వెంట్రుకలు రాలుస్తూ, పిడి దగ్గర లొడలొడలాడుతుంటే "రంగనాథన్ వీధి సరుకు ఇంతే" అని పారేస్తాం. చాలాసార్లు తప్పు సరుకుది కాదు, కడిగిన తీరుది. మురికి వల్ల బ్రష్ పాడవడానికి చాలాకాలం పడుతుంది. నీళ్లు పోకూడని చోటికి పోతే నాలుగైదు ఉతుకులు చాలు. దానికితోడు చెన్నైలో రెండు చిక్కులున్నాయి: కొళాయిలో వచ్చే ఉప్పునీళ్లు, గాల్లో ఎప్పుడూ ఉండే చెమ్మ. హైదరాబాద్‌లో చెల్లెలు చెప్పిన పద్ధతి వేళచ్చేరి ఫ్లాట్‌లో పనిచేయకపోవడానికి ఈ రెండే కారణం.

ముందు బ్రష్‌ను ఒకసారి తేరిపార చూడండి. ముందు కుచ్చు, వెనక పిడి, రెండింటినీ పట్టి ఉంచే రేకు గొట్టం. ఈ గొట్టాన్ని ఫెర్రుల్ అంటారు. దాన్ని అల్యూమినియంతోనో, నికెల్ పూత వేసిన ఇత్తడితోనో చేస్తారు. లోపల కుచ్చు మొదళ్లు జిగురులో దిగబడి ఉంటాయి. అటువైపు నుంచి పిడిని దూర్చి, రేకుకు చుట్టూ నొక్కులు పెట్టి బిగిస్తారు. ఈ గొట్టంలోకి నీళ్లు దిగితే జిగురు పట్టు వదులుతుంది, చెక్క ఉబ్బుతుంది. ఆరాక చెక్క మళ్లీ కుంచించుకుపోతుంది. ఇలా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే పిడి వదులవుతుంది, మీద వేసిన రంగు పెచ్చులుగా లేస్తుంది. అందుకే మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: తడిపిన క్షణం నుంచి పూర్తిగా ఆరేదాకా కుచ్చు కిందికే ఉండాలి. మగ్గులో బ్రష్‌లన్నీ వేసి నానబెట్టి టిఫిన్ చేసి రావడం అంటే జిగురును నానబెట్టడమే.

కుచ్చు ఏ రకమో తెలిస్తేనే దేంతో కడగాలో తేలుతుంది. ఫౌండేషన్, కన్సీలర్, లిప్‌స్టిక్ వంటి తడి సరుకుకు వాడేవి ఎక్కువగా సింథటిక్, అంటే నైలాన్ లేదా పాలిస్టర్ పోగులు. పౌడర్, బ్లష్, కంటి రంగుల బ్రష్‌లలో మేక వెంట్రుకలవి, ఉడత వెంట్రుకలవి కూడా దొరుకుతాయి. అనుమానంగా ఉంటే రాలిన పోగు ఒకటి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చి చూడండి. జుట్టు కాలిన కమురు వాసన వచ్చి, నలిపితే బూడిద పొడి అయితే జంతువు వెంట్రుక. కరిగి చిన్న పూసలా గడ్డకడితే సింథటిక్. సింథటిక్ పోగు మొరటు పనికి ఆగుతుంది. జంతువు వెంట్రుకను మాత్రం మీ జుట్టులాగే చూసుకోవాలి. దానికి వేడినీళ్లు పడవు, గిన్నెలు తోమే లిక్విడ్ పడదు, స్పిరిట్ (అంటే చివర్లో చెప్పే ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తరచుగా పడదు.

నీళ్ల సంగతి

మీ కొళాయి నీళ్లు ఎలాంటివో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. అరలీటరు సీసాలో సగం దాకా నీళ్లు పట్టి, మామూలు స్నానం సబ్బును గోరుతో గీకి చిటికెడు తురుము వేసి, మూత పెట్టి గట్టిగా గిలకొట్టండి. పైన నురగ నిలిచి, కింద నీళ్లు దాదాపు తేటగా ఉంటే మంచినీళ్లు. నురగ చప్పున చచ్చిపోయి, నీళ్లు విరిగిన పాలలా తెల్లగా తరకలు కడితే ఉప్పునీళ్లు. ఈ పరీక్ష షాంపూతో చేయకండి. షాంపూ ఉప్పునీళ్లలో కూడా ఎంతో కొంత నురగనిస్తుంది కాబట్టి మోసపోతారు.

ఆ తెల్ల తరకలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కట్టే తెట్టు. స్నానాల గదిలో బకెట్ అంచున జిడ్డుగా అంటుకునేది అదే. అది కుచ్చులో చేరితే పోగులు గరగరలాడతాయి, పౌడర్ సమానంగా అంటదు, గీతలు పడుతుంది. "కడిగినకొద్దీ గట్టిపడుతోంది" అని విసుక్కునే బ్రష్‌లకు జబ్బు ఇదే. బోరు నీళ్లు, లారీ నీళ్లు వచ్చే ఇళ్లలో మొదటినుంచీ రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. సబ్బుబిళ్ల పూర్తిగా మానేసి షాంపూకి మారండి. కడగడమంతా కొళాయి నీళ్లతో చేసినా, చివరి జాడింపు ఒక్కటి ఆర్ఓ నీళ్లతోనో క్యాన్ నీళ్లతోనో చేయండి. ఎనిమిది పది బ్రష్‌లకు లీటరు నీళ్లు సరిపోతాయి. మెట్రో వాటర్, అంటే నగర సరఫరా నీళ్లు, సరిగా వచ్చే ఇంట్లో ఈ ఖర్చు అక్కర్లేదు.

ఇప్పటికే గరుకెక్కిన సింథటిక్ బ్రష్ ఉంటే గ్లాసు నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ తెల్ల వెనిగర్ కలిపి, కుచ్చు కొసలు మాత్రమే మునిగేలా నిమిషంసేపు ఆడించి, మంచినీళ్లతో బాగా జాడించండి. రేకుకు వెనిగర్ తగలనీయకండి, మచ్చలు పడుతుంది. షాంపూ వేసిన నీళ్లలోనే వెనిగర్ కూడా పోసేస్తే పని కలిసొస్తుందని అనుకోవద్దు. వెనిగర్ పని వేరు, షాంపూ పని వేరు, రెండింటి మధ్య ఒక జాడింపు ఉండాలి.

దేంతో కడగాలి

అన్నిటికీ సరిపోయేది రంగూ, కండిషనరూ లేని పలుచని బేబీ షాంపూ. పెద్ద బ్రష్‌కు బఠాణీ గింజంత, కంటి బ్రష్‌కు పెసర గింజంత చాలు. మొత్తం సెట్టుకు రెండు టీస్పూన్లు దాటితే జాడించలేక మీరే అలసిపోతారు. లోపల మిగిలిపోయిన షాంపూ కూడా మురికే, చర్మం మీద దురద పెడుతుంది.

ఫౌండేషన్, లిప్‌స్టిక్, జెల్ ఐలైనర్ వంటి జిడ్డు సరుకు షాంపూకి ఒక పట్టాన లొంగదు. జిడ్డును జిడ్డే తీయాలి. అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసుకుని, పొడి బ్రష్‌నే అందులో తిప్పండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి డిసెంబర్ తెల్లవారుజామున తప్ప చెన్నైలో దాన్ని కరగబెట్టే పని ఉండదు. రంగు వదిలి నూనెలోకి దిగాక టిష్యూ మీద తుడిచి, అప్పుడు కడగండి. సింథటిక్ బ్రష్ అయితే ఈ మొదటి ఉతుకుకు గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వాడొచ్చు. రెండో ఉతుకు షాంపూతో. నూనె పెట్టి ఒక్క ఉతుకుతో సరిపెడితే మర్నాడు పౌడర్ ముద్దలు కడుతుంది.

కుంకుడుకాయల సంగతి అడిగేవాళ్లు ఉంటారు, మన ఇళ్లలో పట్టుచీరలకూ తలకూ అదే కదా అని. నిజానికి ఉప్పునీళ్లలో కుంకుడు రసం సబ్బులా తరకలు కట్టదు. మేక వెంట్రుకల పెద్ద పౌడర్ బ్రష్‌కు వాడొచ్చు. నాలుగు కాయలు గింజ తీసి, గ్లాసు వేడినీళ్లలో నానబెట్టి, చల్లారాక పిసికి, పలుచని బట్టలో రెండుసార్లు వడకట్టాలి. తెల్ల కుచ్చుకు మాత్రం గోధుమరంగు చాయ పడుతుంది. కంటి బ్రష్‌ల జోలికి దాన్ని తీసుకురాకండి. కుంకుడు కంట్లో పడితే ఎలా ఉంటుందో చిన్నప్పటి తలంట్లు గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. శీకాయ పొడి, శనగపిండి అసలు వద్దు, ఆ నలుసులు కుచ్చు మొదట్లో కూరుకుపోతాయి. బట్టల సబ్బు, బ్లీచింగ్, ఇల్లు తుడిచే డిసిన్ఫెక్టెంట్లు ముఖానికి తగిలే వస్తువుకు పనికిరావు.

ఎన్నాళ్లకొకసారి

వారం నుంచి పదిరోజులకోసారి అన్నది అమెరికా చర్మవైద్యుల సంఘం చెప్పే లెక్క. చెన్నై చెమటకు ఫౌండేషన్ బ్రష్ విషయంలో వారం దాటకపోవడం మేలు. పొడి పౌడర్, బ్లష్ బ్రష్‌లు రోజూ వాడినా పదిరోజులు ఆగుతాయి. జెల్ ఐలైనర్ బ్రష్‌ను వాడిన ప్రతిసారీ తుడవాలి, లేకపోతే ఎండి పుల్లలా బిగుసుకుపోతుంది. ముఖం మీద మొటిమలు లేచి ఉన్న రోజుల్లో ఫౌండేషన్ బ్రష్ రెండు మూడు రోజులకోసారి కడగండి. కళ్లకలక వచ్చి తగ్గితే కంటి బ్రష్‌లన్నీ కడిగి స్పిరిట్ కొట్టండి, ఆ సమయంలో వాడిన కాటుక, మస్కారా పారేయండి. వాటిని కడగడం కుదరదు.

కొత్త బ్రష్‌ను కూడా మొదటిసారి వాడకముందే కడగాలి. నల్లరంగు వేసిన మేక వెంట్రుకలు ఒకటి రెండు ఉతుకులదాకా రంగు దిగుతాయి, నాలుగైదు పోగులు రాలుతాయి. దానికి కంగారు పడక్కర్లేదు. మూడో ఉతుకులో కూడా గుప్పెడు రాలితేనే అది జిగురు సరిగా పట్టని బ్రష్.

కడిగే పద్ధతి

ఉదయం ఎనిమిది తొమ్మిదికల్లా పని మొదలుపెట్టండి. రాత్రి కడిగితే తెల్లారేదాకా చెమ్మ గాలిలో ఉంటాయి. బ్రష్‌లను మూడు కుప్పలు చేయండి: పొడి సరుకువి, జిడ్డు సరుకువి, కంటివి. ఇదే వరుసలో కడగకండి. ముందు కంటివి, తర్వాత పొడివి, ఆఖర్న జిడ్డువి. అరచేయి మొదట్లోనే జిడ్డు పట్టిందంటే అన్నిటికీ అంటుతుంది.

తడపకముందు ప్రతి బ్రష్‌నీ పాత నూలు తువ్వాలు మీద అటూ ఇటూ రాయండి. పొడి పౌడర్ సగం అక్కడే రాలిపోతుంది. తర్వాత కొళాయిని సన్నటి ధారగా వదిలి, కుచ్చు కొసలు కిందికి ఉండేలా వాల్చి పట్టుకుని తడపండి. ధార కుచ్చు మధ్యలో పడాలి, రేకు అంచు మీద కాదు. కొళాయి నీళ్లే చాలు. మే నెలలో మేడమీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, ఆ నీళ్లు మాత్రం వద్దు. చెయ్యి చురుక్కుమంటే జిగురుకూ చురుక్కే.

షాంపూ అరచేతిలో వేసుకుని, నాలుగు చుక్కల నీళ్లతో పలుచన చేసి, బ్రష్‌ను అందులో గుండ్రంగా తిప్పండి. నేలను తోమినట్టు నొక్కకండి. కొసలు మాత్రమే వంగేంత ఒత్తిడి చాలు. పది పదిహేను చుట్లు తిప్పేసరికి నురగ చింతపండు పులుసు రంగులోకి వస్తుంది. ఇప్పుడు కుచ్చును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని రేకు దగ్గర నుంచి కొసదాకా పిండుతూ లాగండి, ఆవు పొదుగు నుంచి పాలు తీసినట్టు. పైకి తేటగా కనిపించే బ్రష్ కూడా ఇక్కడ చిక్కటి గోధుమరంగు ధార వదులుతుంది. మురికంతా దాగేది రేకుకు అరఅంగుళం కింద, కుచ్చు నడిమధ్యలో. చాలామంది కొసలు శుభ్రపడగానే ఆపేస్తారు, వాసన ఆ మిగిలినదానిదే. దట్టమైన కుచ్చు, పొట్టి పిడి ఉండే కబుకి బ్రష్ అయితే కుచ్చును వేళ్లతో రెండుగా చీల్చి మధ్యలోకి చూడండి. అక్కడ రంగు కనిపిస్తే మరో విడత షాంపూ.

ధార కింద జాడించి, పిండి, మళ్లీ షాంపూ. పిండితే దిగే నీళ్లు తేటగా ఉన్నప్పుడే ఆపాలి. ఫౌండేషన్ బ్రష్‌కు మూడు విడతలు పట్టడం మామూలే, కంటి బ్రష్‌కు ఒకటి చాలు. తేలిందో లేదో తెల్ల టిష్యూ మీద ఒక గీత గీసి చూడండి. తెల్ల సింథటిక్ పోగులకు లిప్‌స్టిక్, కుంకుమ ఎరుపు చాయ ఒక్కోసారి ఉండిపోతుంది. టిష్యూ మీద రంగు దిగకపోతే అది మురికి కాదు, మరక. దాన్ని తోమి తోమి పోగులు విరగ్గొట్టుకోకండి.

కుచ్చును తిప్పి రుద్దుకోవడానికి గాళ్లున్న సిలికాన్ మ్యాట్లు దొరుకుతున్నాయి. ఉంటే పని తొందరగా అవుతుంది, లేకపోతే అరచేయి చాలు. స్టీలు జల్లెడ, కొబ్బరి కోరు వంటివాటి మీద మాత్రం రుద్దవద్దు, పోగుల కొసలు తెగుతాయి. మెత్తగా సన్నబడిన ఆ కొసలకే కదా మీరు డబ్బు పెట్టింది.

జంతువు వెంట్రుకల బ్రష్‌కు నెలకోసారి పెసరగింజంత కండిషనర్ కొసలకు రాసి నిమిషం తర్వాత జాడించవచ్చు. సింథటిక్‌కు అక్కర్లేదు, రాస్తే పూతలా మిగిలి పౌడర్ అంటనీయదు. ఆఖరి జాడింపు, ముందే చెప్పినట్టు, ఆర్ఓ నీళ్లలో: చిన్న గిన్నెలో పోసి, రేకు మునగకుండా కుచ్చును నాలుగుసార్లు ఆడించండి. నీళ్లు మసకబారగానే మార్చండి.

స్పాంజ్

బ్రష్‌ల కన్నా స్పాంజ్ సంగతి పట్టించుకోవాలి, ఎందుకంటే దాన్ని తడిపే వాడతాం, తడిగానే డబ్బాలో పడేస్తాం. 2019లో బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జనం వాడేసిన 467 మేకప్ వస్తువులను పరీక్షించారు. వాటిలో బ్లెండర్ స్పాంజ్‌లలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివని, 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేలమీద పడ్డా వాడుతూ వచ్చినవని తేలింది.

కడగడం తేలిక: నీళ్లలో ముంచి నిండుగా ఉబ్బనిచ్చి, గిన్నెల లిక్విడ్ మూడు చుక్కలు వేసి, గుప్పిట్లో నొక్కుతూ వదులుతూ ఉండండి. మెలిపెట్టి పిండకండి, గోరు దించకండి, చిరుగులు అక్కడే మొదలవుతాయి. నురగ తెల్లబడేదాకా జాడించి, తువ్వాల్లో చుట్టి అదిమి, నాలుగువైపులా గాలి తగిలేలా పెట్టండి. స్టీలు గ్లాసు నోటి మీద రెండు రబ్బరుబ్యాండ్లు అడ్డంగా వేసి దానిమీద నిలబెడితే సరి. మైక్రోవేవ్‌లో పెట్టి క్రిములు చంపే చిట్కా ఒకటి తిరుగుతోంది. స్పాంజ్ సరిగా తడవకపోతే అది కాలి పొగ వస్తుంది. రేకున్న బ్రష్ అయితే అందులో పెట్టడమే ప్రమాదం. మూడు నెలలకు స్పాంజ్ మార్చేయండి. లోపల నల్లచుక్కలు కనిపిస్తే అంతవరకూ కూడా ఆగకండి, అది బూజు.

ఆరబెట్టడం

కడగడం అరగంట పని. చెన్నైలో అసలు పని ఆ తర్వాతే ఉంది.

కుచ్చును పొడి తువ్వాలు మడతలో పెట్టి, రుద్దకుండా అదిమి, నీళ్లు లాగేయండి. మడత మార్చి మళ్లీ అదమండి. ఈ ఒక్క పనితో ఆరే సమయం బాగా తగ్గుతుంది. తర్వాత వేళ్లతో కుచ్చును మొదట ఉన్న ఆకారానికి తీర్చండి, చదునుది చదునుగా, గుండ్రటిది గుండ్రంగా. తడిలో ఎలా ఉంచితే ఆరాక అలాగే నిలుస్తుంది. విచ్చుకుపోయిన పెద్ద బ్రష్‌లకు సాగే వల తొడుగులు దొరుకుతాయి. పిడివైపు నుంచి ఎక్కించి, కుచ్చు కొస కొద్దిగా బయటికి ఉండేలా వదిలేయండి.

పెట్టే తీరు ఇది: తువ్వాలును గట్టిగా చుట్టి బల్ల అంచున పెట్టి, పిడి ఆ చుట్ట మీద ఎత్తుగా, కుచ్చు అంచు దాటి గాల్లో కిందికి వాలేలా పడుకోబెట్టండి. కుచ్చు తువ్వాలుకు ఆనితే ఆ పక్క చదునుగా ఆరుతుంది, అడుగున చెమ్మ నిలుస్తుంది. ఇంకా మేలైనది తలకిందులుగా వేలాడదీయడం. బట్టల హ్యాంగర్‌కు పిడులను రబ్బరుబ్యాండ్లతో కట్టేయండి, లేదా బట్టల క్లిప్పులతో పట్టించండి. పెన్నుల డబ్బాలో నిలబెట్టే అలవాటు మాత్రం మానండి. కుచ్చులోని నీళ్లన్నీ నేరుగా జిగురులోకే దిగుతాయి.

ఎక్కడ? సీలింగ్ ఫ్యాన్ కింద, నీడలో. ఏసీ గది ఇంకా మేలు, అది గాల్లో చెమ్మను లాగేస్తుంది. బాల్కనీలో మధ్యాహ్నం సముద్రపు గాలి హాయిగా ఉంటుంది కానీ తడి మోసుకొస్తుంది. అదీకాక తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ వంటి చోట్ల ఉప్పు కూడా తెస్తుంది, రేకు మీద మచ్చలు దానివల్లే. ఎండలో పెడితే వెంట్రుక పెళుసెక్కుతుంది, పిడి రంగు చిట్లుతుంది. హెయిర్ డ్రయర్ వేడిగాలి కూడా అంతే. చల్లగాలి మీట ఉంటే పర్వాలేదు.

కంటి బ్రష్‌లు మామూలు రోజుల్లో ఐదారు గంటల్లో ఆరతాయి. ఫౌండేషన్ బ్రష్‌కు పన్నెండు గంటలు, దట్టమైన కబుకికి పూర్తి రోజు లెక్కపెట్టుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు పట్టుకున్నప్పుడు దీనికి సగం కలపండి. ఆ రోజుల్లో అన్నీ ఒకేసారి కడగకుండా సగం సగం కడిగితే ఉదయం వాడుకోవడానికి ఒక సెట్టు పొడిగా ఉంటుంది. పైకి ఆరినట్టు కనిపించినా నమ్మకండి. కుచ్చును పైపెదవికి తాకించండి. వేళ్లకు తెలియని చల్లదనం అక్కడ తెలుస్తుంది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడితో పౌడర్‌లో ముంచితే పౌడర్ మీద గట్టిగా, మెరుస్తూ పొర కడుతుంది. మీ కాంపాక్ట్ మీద అలాంటి పొర ఉంటే సెలోటేపు ముక్క మెల్లగా అంటించి లాగేయండి.

పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టాలి. స్నానాల గది అలమారా వద్దు, పోపు ఆవిరి తగిలే వంటింటి గట్టు పక్క అరా వద్దు. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచికన్నా బట్ట రోల్ మేలు, అందులో చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. జంతువు వెంట్రుకల బ్రష్‌లను నెలలకొద్దీ దాచేటట్టయితే కడిగే దాచండి, చర్మపు జిడ్డు ఉన్న వెంట్రుకకే పురుగు తొందరగా పడుతుంది. నాఫ్తలీన్ గోలీలు వేస్తే ఆ వాసన మీ ముఖానికి ఎక్కుతుంది.

పదిమందికి వాడే బ్రష్‌లు

ఇంట్లో అక్కచెల్లెళ్లు ఒకే సెట్టు వాడినా, ముహూర్తాలకు మేకప్ వేసే పని ఉన్నా, ఒక ముఖానికీ ఇంకో ముఖానికీ మధ్య కడిగి ఆరబెట్టేంత తీరిక దొరకదు. అప్పుడు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే సీసాలో పోసి ఉంచుకోండి. మందుల షాపులో ఆ పేరుతోనే, ఆ శాతమే అడగండి. ఎక్కువ శాతం అయితే ఇంకా బాగా చంపుతుందనుకోవద్దు, అది క్షణాల్లో ఆవిరైపోతుంది. 70లో ఉన్న నీళ్లు దాన్ని కాస్త నిలిపి క్రిముల మీద పనిచేయనిస్తాయి. బ్రష్‌ను ముందు టిష్యూ మీద తుడిచి, కుచ్చుకు మూడు నాలుగుసార్లు కొట్టి, కొత్త టిష్యూ మీద అటూఇటూ తుడిచి, ఐదు నిమిషాలు ఆగాకే చర్మానికి తాకించండి. పెళ్లి గదిలో దీపం, హారతి కర్పూరం, ఇస్త్రీ పెట్టె దగ్గర్లో ఉంటాయి, వాటికి దూరంగా కొట్టండి, ఇది భగ్గున అంటుకుంటుంది. పిడి పాలిష్ మీద పడినా మసకబారుతుంది. ఇది ఆ పూటకు గండం గట్టెక్కించేదే, జిడ్డును తీయదు. ఇంటికి రాగానే ఉతుకు తప్పదు. చేతులకు రాసుకునే జెల్ శానిటైజర్ వాడితే అందులోని జిగట పోగుల్ని అతికిస్తుంది.

మార్గళి (డిసెంబర్-జనవరి) కచేరీల రోజుల్లో, అరంగేట్రాలకు పిల్లలకు వేదిక మేకప్ పాన్‌కేక్ వేసే తల్లులకు ఒక మాట. పాన్‌కేక్ నీళ్లతో కరిగే సరుకే, కానీ ఎండితే స్పాంజ్‌లో సున్నంలా గడ్డకడుతుంది. గ్రీన్‌రూమ్‌లోనే చిన్న డబ్బా నీళ్లలో పడేసి తెచ్చుకుంటే ఇంట్లో రెండు నొక్కులకు వదిలిపోతుంది. స్పాంజ్ మాత్రం పిల్లకొకటి ఉండాలి, సగానికి కోసిన ముక్కైనా సరే. పారాణి పెట్టే బ్రష్‌ను వేరే డబ్బాలో ఉంచండి, ఆ ఎరుపు ఒకసారి లిప్ బ్రష్‌లో చేరితే ఏ నూనెకూ దిగదు.

పిడి వదులైతే

కుచ్చు బాగుండి పిడి ఒక్కటే ఊడివస్తే పారేయాల్సిన పనిలేదు. రెండురోజులు పూర్తిగా ఆరనిచ్చి పిడిని లాగేయండి. చెక్క మీదా, గొట్టం లోపలా పెళుసెక్కిన పాత జిగురును సూదిమొనతోనో గరుకు కాగితంతోనో గీకేయండి. రెండు ట్యూబుల్లో వచ్చే అరాల్డైట్ జిగురు రెండింటినీ సమానంగా, కందిగింజంత చొప్పున కలిపి చెక్క చుట్టూ పలుచగా పూసి దూర్చండి. పొంగిన జిగురును వెంటనే తుడిచేయండి. కుచ్చు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టి 24 గంటలు ముట్టుకోకండి. ఈ ఒక్క సందర్భంలోనే బ్రష్‌ను అలా నిలబెట్టేది, లేకపోతే జిగురు కారి కుచ్చులోకి దిగుతుంది.

కుచ్చే గుత్తులుగా ఊడుతుంటే, కడిగి రెండుసార్లు ఆరబెట్టినా ముక్కవాసన పోకపోతే, లేదా కంటి బ్రష్ పోగులు విరిగి గుచ్చుకుంటుంటే ఇక దాని పని అయిపోయినట్టే. పౌడర్ బ్రష్‌ను కడిగి కుట్టుమిషన్ లోపలి దుమ్ము, కీబోర్డు సందుల్లో దుమ్ము తీయడానికి ఉంచుకోండి, పిడి మీద ఎర్ర దారం ఒకటి కట్టి. లేకపోతే ఏదో పెళ్లి హడావుడిలో అది మళ్లీ బుగ్గల మీదికే వస్తుంది.